క్యాంప్ నౌలో బాబీ రాబ్సన్ ఏడాది

ఆట మొదలై అరగంట దాటింది. స్కోరుబోర్డు వైపు చూడబుద్ధి కావడం లేదు. బార్సిలోనా 0, అట్లెటికో మాడ్రిడ్ 3. మూడూ ఒక్కడే కొట్టాడు, మిలింకో పాంతిచ్ అనే సెర్బియా ఆటగాడు. ఇది 1997 మార్చి 12, బుధవారం రాత్రి. లక్షమంది దాకా పట్టే క్యాంప్ నౌ స్టేడియంలో మీరు పై అంతస్తులో కూర్చున్నారు. ఇంత ఎత్తు నుంచి ముఖాలు ఆనవు, నడకను బట్టే ఎవరు ఎవరో పోల్చుకోవాలి. పాంతిచ్ నడక ఈ ఊరివాళ్లకు బాగా తెలుసు. ఏడాది కిందట జరగోజాలో ఇదే స్పెయిన్ కప్పు ఫైనల్లో, అదనపు సమయంలో తలతో గోల్ కొట్టి బార్సిలోనా నోటి దగ్గరి కప్పు లాక్కుపోయినవాడు ఇతనే.

ఇవాళ క్వార్టర్ ఫైనల్ రెండో మ్యాచ్. మాడ్రిడ్‌లో జరిగిన మొదటిది 2-2తో ముగిసింది. పరాయి మైదానంలో రెండు గోల్స్ కొట్టొచ్చాం, సొంతగడ్డ మీద నిలదొక్కుకుంటే చాలు అనుకుంటూ వచ్చిన జనం వీళ్లు. ఇప్పుడు లేచి నిలబడి జేబుల్లోంచి తెల్ల చేతిరుమాళ్లు తీస్తున్నారు. స్పెయిన్‌లో ఎద్దుల పోరు దగ్గర పుట్టిన అలవాటిది. అక్కడ మెచ్చుకోలుగా ఊపే రుమాలు ఫుట్‌బాల్ మైదానానికి వచ్చేసరికి 'దిగిపొండి' అనే నిరసన అవుతుంది. మీ వరసలో మొదలైంది, కింది వరసలకు పాకింది, చూస్తుండగానే ఎదుటి స్టాండంతా తెల్లబడింది. రుమాళ్లన్నీ ఒకే దిక్కుకు, అధ్యక్షుడు జోసెప్ లూయిస్ నూన్యెజ్ కూర్చునే బాక్సు వైపు ఊగుతున్నాయి. కింద గీత పక్కన నెరిసిన జుట్టుతో ఒక ఇంగ్లిషు పెద్దాయన ఉన్నాడు. జనం కోపం పైవాళ్ల మీదే, కానీ పైవాళ్లు దాన్ని కిందికి దించేది ఈయన నెత్తి మీదికే. ఆయన పేరు బాబీ రాబ్సన్. పోయిన నెలలో 64 నిండాయి.

ఇప్పుడు కాస్త జాగ్రత్తగా చూడండి. విరామానికి ఇంకా కొద్ది నిమిషాలే ఉన్నాయి. ఏ కోచైనా ఆ కాసేపూ ఓపిక పడతాడు. లోపలికి తీసుకెళ్లి, తలుపు వేసి, అక్కడ మారుస్తాడు. అన్ని వేలమంది ముందు ఆటగాణ్ని బయటికి పిలిచి చిన్నబుచ్చడు. రాబ్సన్ ఆగలేదు. ఫ్రాన్స్ డిఫెండర్ లారెంట్ బ్లాంక్ బయటికి వస్తున్నాడు. కెప్టెన్ గీకా పొపెస్కూ వస్తున్నాడు. గోల్ కాపు కాయాల్సిన ఇద్దరు పెద్దమనుషులు వీళ్లు. వాళ్ల బదులు లోపలికి పరుగెత్తిన ఇద్దరూ గోల్ కొట్టడానికి పుట్టినవాళ్లు. ఒకడు బల్గేరియా నుంచి వచ్చిన హ్రిస్టో స్టోయిచ్‌కోవ్, ఇంకొకడు అర్జెంటీనాలో పుట్టి స్పెయిన్‌కు ఆడే హువాన్ ఆంతోనియో పిజ్జి.

మూడు గోల్స్ తిన్న జట్టుకు వెనకాల మనుషులు పెరగాలి గానీ తగ్గుతారా? మీ చుట్టూ ఉన్నవాళ్లకు ఇది మతిపోయిన పనిలా కనిపిస్తోంది. ఇంకో మూడు పడితే? ఈ దేశపు పత్రికల్లో రేపు ఆయన పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వస్తుంది? రాబ్సన్‌కు ఆ లెక్క తెలియక కాదు. ఓడిపోతే మూడు గోల్స్‌తో ఓడినా ఆరు గోల్స్‌తో ఓడినా ఒకటేననీ, గెలవాలంటే మాత్రం ఇప్పుడే కదలాలనీ ఆయన తేల్చుకున్నాడు. బార్సిలోనాలో ఆయన గడిపిన ఏడాదికి విలువ కట్టాలంటే నేను ఈ రెండు మార్పుల దగ్గర మొదలుపెడతాను. అవి ఆట తెలియనివాడి పనులు కావు. ఉద్యోగం కాపాడుకోవాలనే ఆలోచనే లేనివాడి పనులు.

విరామం. ఆటగాళ్లు సొరంగంలోకి వెళ్లిపోయారు. ఆ తలుపుల వెనక ఎవరు ఎవరిని ఏమన్నారో మీకు కనపడదు, వినపడదు. పొద్దుతిరుగుడు గింజల పొట్టు మీ కాళ్ల కింద కరకరమంటోంది. ఈ పదిహేను నిమిషాల్లో చుట్టూ నడిచే మాటలు వినండి. సగం మాటలు రాబ్సన్ గురించి కావు, యోహాన్ క్రైఫ్ గురించి. ఈ క్లబ్బుకు వరసగా 4 లీగ్ టైటిళ్లు తెచ్చిపెట్టినవాడు, 1992లో వెంబ్లీలో మొట్టమొదటి యూరోపియన్ కప్పు గెలిపించినవాడు, ఆట ఇలా ఆడాలి అని ఒక తరానికి నేర్పినవాడు క్రైఫ్. 1996 మే నెలలో పాలకవర్గం ఆయన్ను తీసేసింది, అదీ డ్రెస్సింగ్ రూమ్‌లో పెద్ద రభస మధ్య. ఆఖరి రెండు సీజన్లలో క్రైఫ్ ఒక్క పెద్ద ట్రోఫీ కూడా గెలవలేదన్న సంగతిని ఇప్పుడెవరూ గుర్తుచేసుకోవడం లేదు. వెళ్లగొట్టినవాళ్ల మీద కసి ఉంది. ఆ కసికి అందుబాటులో ఉన్నది, వాళ్లు తెచ్చి కూర్చోబెట్టిన కొత్త మనిషి.

ఆ కొత్త మనిషి ఎక్కడినుంచి వచ్చాడో ఈ మాటల్లో ఎక్కడా రాదు. ఇంగ్లండ్ ఈశాన్యంలోని డరమ్ బొగ్గుగనుల జిల్లాలో, ఒక గనికార్మికుడి ఇంట్లో పుట్టాడు. తనూ కుర్రతనంలో గనిలో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకున్నాడు. ఇప్స్‌విచ్ అనే చిన్న ఊరి జట్టును 13 ఏళ్లు నడిపి 1978లో ఎఫ్ఏ కప్పు, 1981లో యూఎఫా కప్పు గెలిపించాడు. ఎనిమిదేళ్లు ఇంగ్లండ్ జాతీయ జట్టు కోచ్. 1990 ప్రపంచ కప్పు సెమీఫైనల్లో పశ్చిమ జర్మనీతో పెనాల్టీల దాకా వెళ్లి ఓడాడు. బార్సిలోనా 1980ల్లోనే ఆయన్ను పిలిచింది. దేశం జట్టును మధ్యలో వదిలి రాలేనని వద్దన్నాడు. తర్వాత హాలండ్‌లో పీఎస్‌వీకి రెండు టైటిళ్లు. లిస్బన్‌లో స్పోర్టింగ్ జట్టు పట్టికలో మొదటి స్థానంలో ఉండగా అక్కడి అధ్యక్షుడు తీసేస్తే, పోర్టో వెళ్లి వరసగా రెండు పోర్చుగల్ టైటిళ్లు గెలిచాడు. ఈ మధ్యలో 1992లో పేగు క్యాన్సర్. 1995లో ముఖం లోపల మరో క్యాన్సర్ గడ్డ, దానికి పెద్ద ఆపరేషన్. అదయిన ఏడాదికి, మనుమలతో ఆడుకుంటూ కూర్చోవాల్సిన వయసులో, ప్రపంచంలోకెల్లా కష్టమైన కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. ఈ పని ఎంత బరువో తెలిసే ఒప్పుకున్నాడని నా నమ్మకం. 1984లో వద్దన్న తలుపు మళ్లీ తెరుచుకుంటే, ఆటను అంత ప్రేమించే మనిషి మళ్లీ వద్దనలేడు.

ఈలలు. జట్లు తిరిగొచ్చాయి.

సెకండ్ హాఫ్ మొదలై మీరు సర్దుకు కూర్చునేలోపే రొనాల్డో గోల్ కొట్టాడు. బ్రెజిల్ నుంచి వచ్చిన ఇరవయ్యేళ్ల కుర్రాడు. 1-3. ఇంకో రెండు మూడు నిమిషాలకు మళ్లీ రొనాల్డోనే. 2-3. స్టేడియంలో అరుపు కాంక్రీటు గుండా వచ్చి మీ అరికాళ్లకు తగులుతోంది. ఆ అరుపు ఇంకా ఆగకముందే బంతి అటువైపు వెళ్లింది. పాంతిచ్. నాలుగోది. 2-4. ఒక్కసారిగా నిశ్శబ్దం. పై అంతస్తులో ఎవరో దగ్గితే వినిపిస్తోంది. వెనకాల మనుషుల్ని తీసేస్తే ఇదే జరుగుతుందని ముందే చెప్పినవాళ్లు తలలు ఊపుతున్నారు.

ఇక్కడ జట్టు కుప్పకూలాలి. కూలలేదు. ఎందుకు కూలలేదో పై నుంచి చూస్తేనే తెలుస్తుంది. అట్లెటికో పెనాల్టీ బాక్సు ముందు ఎర్రనీలం చొక్కాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. రొనాల్డో, స్టోయిచ్‌కోవ్, పిజ్జి, ఫీగో. ఎవరిని ఆపితే ఎవరు వదులైపోతారో అట్లెటికో డిఫెండర్లకు తేలడం లేదు. పోయిన సీజన్‌లో లీగూ కప్పూ రెండూ గెలిచిన జట్టది. కోచ్ రాడోమిర్ ఆంతిచ్ గట్టివాడు. అయినా వాళ్లు అడుగు అడుగూ వెనక్కి జరుగుతున్నారు. లూయిస్ ఫీగో దూరం నుంచి బలంగా కొట్టాడు. 3-4. అయిదారు నిమిషాలు గడిచాయో లేదో మూడోసారి రొనాల్డో. 4-4.

నాలుగూ నాలుగూ సమానమే కదా అని మీరు ఊపిరి పీల్చుకుంటే పక్కవాళ్లు ఒప్పుకోరు. రెండు మ్యాచ్‌లు కలిపి 6-6, కానీ పరాయి మైదానంలో అట్లెటికోవి నాలుగు గోల్స్, బార్సిలోనావి రెండే. ఇలాగే ముగిస్తే పరాయి గోల్స్ ఎక్కువున్న వాళ్లే సెమీఫైనల్‌కు వెళ్తారు. అయిదోది కావాలి. ఇప్పుడు జనం ఎవరినీ తిట్టడం లేదు, రుమాళ్లు ఎక్కడికి పోయాయో తెలియదు, అందరూ నిలబడే ఉన్నారు. ఆట ఇంకో పది నిమిషాల్లోపే ముగుస్తుందనగా బంతి పిజ్జికి దొరికింది. అయిదు. చాలామంది చెవుల దగ్గర చిన్న ట్రాన్సిస్టర్ రేడియోలున్నాయి. కాటలాన్ రేడియోలో జువాకిమ్ మరియా పుయల్ తన భాష వదిలేసి పిజ్జి పుట్టిన గడ్డ యాసలో అరుస్తున్నాడు: "పిజ్జి, సోస్ మకానూడో!" నువ్వు మహాగొప్పోడివిరా అని. ఆ ఊళ్లో ఆ కేక ఈనాటికీ చెప్పుకుంటారు.

సెకండ్ హాఫ్‌లో అయిదు గోల్స్. ఆఖరిది కొట్టింది, రాబ్సన్ విరామానికి ముందే లోపలికి పంపిన మనిషి.

మరి ఆ రాత్రి ఘనత ఎవరి ఖాతాలో పడింది? ఆటగాళ్ల పౌరుషం ఖాతాలో. ఆ సీజన్ మొత్తం నడిచిన లెక్క అదే. గెలిస్తే ఆటగాళ్లు గెలిపించారు, ఓడితే కోచ్ ఓడించాడు. రొనాల్డో ఉన్నాడు కాబట్టి సరిపోయింది అన్నారు. ఏ పద్ధతీ లేదన్నారు. ఆయన సాధనలు క్రైఫ్ హయాంలో పెరిగిన ఆటగాళ్లకు వదులుగా కనిపించిన మాట నిజం. ఆయన స్పానిష్, పోర్చుగీస్, ఇంగ్లిష్ కలిసిపోయిన ఒక వింత భాష అన్న మాటా నిజం. పేర్లు తడబడేవాడు. పక్కన ఉండి ఆ మాటల్ని సరిచేసి ఆటగాళ్లకు అందించేవాడు లిస్బన్ నుంచి వెంట వచ్చిన ముప్పైనాలుగేళ్ల పోర్చుగీస్ యువకుడు. అతన్ని పత్రికలవాళ్లు 'దుబాసీ' అని చిన్నచూపు చూసేవాళ్లు. పేరు జోసె మొరీన్యో. ప్రత్యర్థి జట్ల మీద నివేదికలు రాయడం దగ్గర్నుంచి సాధన నడపడం దాకా రాబ్సన్ అతనికి అప్పగించాడు. ఫుట్‌బాల్ ఆటగాడిగా పేరులేని మనిషిని నమ్మి అంత పని చేతిలో పెట్టడం ఆనాడు ఏ పెద్ద క్లబ్బులోనూ మామూలు సంగతి కాదు.

ఇక రొనాల్డో. రాబ్సన్‌కు అదృష్టం కలిసొచ్చిందనేవాళ్లను నేను 1996 అక్టోబరు 12కి, స్పెయిన్ వాయవ్య మూలన ఉన్న సాంతియాగో దె కాంపొస్తెలాకు రమ్మంటాను. చిన్న స్టేడియం. ఇక్కడ మీరు గీతకు దగ్గరగా కూర్చున్నారు, బూట్ల చప్పుడు వినిపిస్తుంది. మైదానం మధ్యగీత దగ్గర రొనాల్డో బంతి అందుకున్నాడు. ఒకడు చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు, గుడ్డ సాగుతోంది, రొనాల్డో ఆగడం లేదు. చొక్కా వాడి చేతిలోంచి జారిపోయింది. ముందు ఒకడు, పక్కన ఒకడు, వాళ్లను దాటితే ఇంకొకడు. బంతి కాలికి కట్టేసినట్టు వెంట వస్తోంది. పెనాల్టీ బాక్సులో ఇద్దరి మధ్య నుంచి దూరి గోల్. బెంచీ వైపు తల తిప్పండి. రాబ్సన్ రెండు చేతులూ తల మీద పెట్టుకుని వెనక్కి తిరిగాడు, ఇప్పుడు జరిగింది మీరూ చూశారా అని అడుగుతున్నట్టు. అరవై మూడేళ్ల వయసున్న కోచ్ ముఖంలో ఆ క్షణాన పదేళ్ల పిల్లాడు కనిపిస్తాడు.

ఆ కుర్రాణ్ని ఆయన బిగించలేదు. వెనక్కొచ్చి కాపు కాయమనలేదు. బంతి వాడికి అందేలా చూడండి, మిగిలింది వాడు చూసుకుంటాడు అన్నాడు. ఇదీ కోచింగే. ఒక పద్ధతి పేరుతో ఇలాంటి ఆటగాడి రెక్కలు కత్తిరించే కోచ్‌లు ఆ కాలంలో కొల్లలు. ఆ సీజన్‌లో రొనాల్డో 49 మ్యాచ్‌లలో 47 గోల్స్ కొట్టాడు. లీగ్‌లోనే 34. తర్వాత ఇంటర్ మిలాన్‌కీ రియల్ మాడ్రిడ్‌కీ ఆడాడు, ప్రపంచ కప్పు గెలిచాడు, అయినా ఒక సీజన్‌లో అన్ని గోల్స్ మళ్లీ ఎన్నడూ కొట్టలేదు. మోకాళ్లు దెబ్బతినడం అందుకు పెద్ద కారణం, అది కాదనను. కానీ ఆ ఒక్క ఏడాది రొనాల్డో రొనాల్డోలా ఆడాడంటే, ఆడనిచ్చిన మనిషి కూడా ఆ లెక్కలో ఉండాలి.

1997 జనవరి. న్యూకాసిల్ జట్టు కోచ్ కెవిన్ కీగన్ రాజీనామా చేశాడు. న్యూకాసిల్ అంటే రాబ్సన్ చిన్నప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని ఆట చూడ్డానికి వెళ్లిన జట్టు. కబురు బార్సిలోనాకు వచ్చింది. ఇక్కడ జనం రుమాళ్లు ఊపుతున్నారు, పత్రికలు వాయిస్తున్నాయి, పైవాళ్ల చూపు పక్కకు తిరుగుతోంది. అక్కడ సొంతూరు పిలుస్తోంది. ఆ గదిలో మీరుంటే వెళ్లిపొమ్మనే చెప్పేవాళ్లు. నేనైనా అదే చెప్పేవాణ్ని. బార్సిలోనాతో ఒప్పందం చేసుకున్నాను, మాట తప్పను అని రాబ్సన్ ఉండిపోయాడు. క్లబ్బు మాత్రం ఆ సీజన్ ముగియకముందే, కప్పులు ఇంకా తేలకముందే, వచ్చే ఏడాదికి అజాక్స్ కోచ్ లూయీ వాన్ గాల్‌ను కుదుర్చుకుంది. ఒకవైపు ఒప్పందం మీద గౌరవంతో ఆగిన మనిషి, ఇంకోవైపు అతని వెనకాల నడిచిన బేరం. ఈ కథలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే సంగతి ఇదే.

తప్పులు లేవా? ఉన్నాయి, వాటిని దాచి ఆయన్ను మెచ్చుకోవడం ఆయనకు గౌరవం కాదు. బార్సిలోనా ఆ ఏడాది లీగ్‌లో 102 గోల్స్ కొట్టింది. 42 మ్యాచ్‌లలో 28 గెలిచి 90 పాయింట్లు తెచ్చుకుంది. ఫాబియో కాపెల్లో నడిపిన రియల్ మాడ్రిడ్ 92 పాయింట్లతో టైటిల్ ఎగరేసుకుపోయింది. మాడ్రిడ్ మొత్తం మీద ఓడింది 4 సార్లు, బార్సిలోనా 8 సార్లు. ఆ ఎనిమిదిలో రెండు ఓటములు అలికాంతే నుంచి వచ్చిన హెర్కులెస్ చేతిలో. సీజన్ చివర కింది డివిజన్‌కు పడిపోయిన జట్టది. క్యాంప్ నౌలో రెండు గోల్స్ ముందుండి కూడా 2-3తో ఓడడం, మళ్లీ చివరి వారాల్లో అలికాంతే వెళ్లి 1-2తో ఓడడం. ఆ రెండింట్లో ఒక్కటి గెలిచినా 93 పాయింట్లు, టైటిల్ బార్సిలోనాదే. ముందున్నప్పుడు ఆట బిగించడం, బలహీనుడి మీద కూడా జాగ్రత్తగా నిలబడడం ఆ జట్టుకు రాలేదు. దానికి బాధ్యత రాబ్సన్‌దే. మార్చి 12 రాత్రి కాపాడిన గుణమూ హెర్కులెస్ ముందు ముంచిన గుణమూ ఒక్కటే అని నాకు అనిపిస్తుంది. ఆయనకు ముందుకు పోవడమే తెలుసు.

అయితే ఆ తర్వాతి ఏడాది లెక్క కూడా పక్కన పెట్టి చూడాలి. 1997-98లో వాన్ గాల్ బార్సిలోనా లీగ్ గెలిచింది. ఎన్ని పాయింట్లతో? 38 మ్యాచ్‌లలో 74. పది మ్యాచ్‌లు ఓడింది, 56 గోల్స్ తిన్నది. డిఫెన్స్ తెలియదని పేరుపడ్డ రాబ్సన్ జట్టు నాలుగు మ్యాచ్‌లు ఎక్కువ ఆడి కూడా తిన్నది 48. చాంపియన్స్ లీగ్‌లో వాన్ గాల్ జట్టు ఇదే క్యాంప్ నౌలో డైనమో కీవ్ చేతిలో 0-4తో ఓడి, గ్రూపులో అట్టడుగున మిగిలింది. వాన్ గాల్‌ను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. ఆయన స్పెయిన్ కప్పు కూడా గెలిచాడు, ఆయన చెయ్యి పట్టుకుని పైకొచ్చిన కుర్రాళ్లు తర్వాత ఆ క్లబ్బు చరిత్ర రాశారు. కానీ ఒకరికి 74 పాయింట్లతో పద్ధతి తెలిసిన పండితుడనే పేరు, ఇంకొకరికి 90 పాయింట్లతో పద్ధతి లేనివాడనే పేరు. ఆ ఏడాది మాడ్రిడ్ ఎంత బలంగా ఉందన్నదాని మీద ఆధారపడిన తేడాను మనిషి తెలివికి అంటగట్టారు.

ట్రోఫీల సంగతికి వస్తే, మూడు. 1996 ఆగస్టులో అట్లెటికో మీద స్పెయిన్ సూపర్ కప్పు, రెండు మ్యాచ్‌లు కలిపి 6-5. అక్కడా ఆ అలవాటే, ఎన్ని తింటే అంతకు ఒకటి ఎక్కువ కొట్టడం. 1997 మే 14న రాటర్‌డామ్‌లో కప్ విన్నర్స్ కప్పు ఫైనల్, పారిస్ సెయింట్ జెర్మెయిన్ మీద 1-0, రొనాల్డో పెనాల్టీ. మూడోది మాడ్రిడ్‌లో, దాని దగ్గరికి కాసేపట్లో వద్దాం.

అంతకు ముందు, ఆ ఏడాది బార్సిలోనా జట్టు గదిలో ఎవరెవరు ఉన్నారో ఒకసారి తలుపు తెరిచి చూడండి. బెంచీ మీద ఒక మూల గార్డియోలా, పక్కన రియల్ మాడ్రిడ్ నుంచి ఆ వేసవిలోనే వచ్చిన లూయిస్ ఎన్రికే. బ్లాంక్, తర్వాత ఫ్రాన్స్ జట్టుకు కోచ్ అయినవాడు. పిజ్జి, 2016లో చిలీకి కోపా అమెరికా గెలిపించినవాడు. రిజర్వ్ గోల్‌కీపర్ లోపెతెగి, స్పెయిన్ జట్టును నడిపినవాడు. మొరీన్యో సరేసరి. యూరప్ ఫుట్‌బాల్‌ను తర్వాతి పాతికేళ్లు నడిపిన బుర్రల్లో ఎన్నో ఆ ఒక్క గదిలో రాబ్సన్ తడబాటు భాష వింటూ కూర్చున్నాయి. వాళ్లందరికీ ఆట నేర్పింది ఆయనే అంటే అతిశయోక్తి, గార్డియోలా క్రైఫ్ శిష్యుడని లోకానికి తెలుసు. కానీ ఇంతమంది తలబిరుసు మేధావుల్ని ఒకచోట కూర్చోబెట్టి, వాళ్ల అభిప్రాయాలకు చోటిచ్చి, ఏడాది పాటు కలిసి గెలిపించడం చిన్న పని కాదు. 2018లో ఆయన మీద డాక్యుమెంటరీ తీస్తే గార్డియోలా, మొరీన్యో, రొనాల్డో ముగ్గురూ కెమెరా ముందుకొచ్చి మాట్లాడారు. మైదానాల్లో ఒకరంటే ఒకరికి పడని మొదటి ఇద్దరినీ ఒకే సినిమాలో కూర్చోబెట్టగలిగింది రాబ్సన్ పేరే.

1997 జూన్ 28. శాంతియాగో బెర్నబేవు, రియల్ మాడ్రిడ్ ఇల్లు. స్పెయిన్ కప్పు ఫైనల్, ఎదురుగా సెవిల్ నుంచి వచ్చిన రియల్ బెటిస్. మండుటెండల నెల, రాత్రి ఆట అయినా మీ చొక్కా వీపుకు అతుక్కుంది. లీగ్ చేజారి పోయింది. రాబ్సన్‌కు ఇదే ఈ జట్టుతో ఆఖరి మ్యాచ్ అని స్టేడియంలో అందరికీ తెలుసు. వచ్చే సీజన్‌లో ఆయనకు ఆటగాళ్లను వెతికి పెట్టే పని ఇస్తారట, కుర్చీ వాన్ గాల్‌ది. ఇంతకు ముందే రొనాల్డో కొత్త ఒప్పందం చెడిపోయింది, అతను ఇటలీ దారి పడుతున్నాడు. ఇవాళ అతను ఈ ఖండంలోనే లేడు. బ్రెజిల్ జట్టుతో బొలీవియాలో ఉన్నాడు, రేపు లా పాస్‌లో కోపా అమెరికా ఫైనల్ ఆడాలి.

ఆట మొదలైన కాసేపటికే బెటిస్‌కు అల్ఫాన్సో గోల్ కొట్టాడు. విరామానికి ముందు ఫీగో సమం చేశాడు. ఆఖరి పది నిమిషాల్లోకి వచ్చేసరికి నైజీరియా వింగర్ ఫినిడి జార్జ్ మళ్లీ బెటిస్‌ను ముందుకు తెచ్చాడు. ఆకుపచ్చ చొక్కాల స్టాండు ఊగిపోతోంది. పట్టుమని అయిదు నిమిషాలు కాకముందే పిజ్జి, మళ్లీ పిజ్జే. 2-2. అదనపు సమయం. అలసిపోయి ఆటగాళ్లు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంటున్నారు. పెనాల్టీలకు ఇంకా కొన్ని నిమిషాలుందనగా ఫీగో రెండోసారి కొట్టాడు. 3-2. మాడ్రిడ్ నడిబొడ్డున బార్సిలోనా కప్పు ఎత్తుతోంది.

రొనాల్డో లేకుండా, రెండుసార్లు వెనకబడి, ఉద్యోగం అప్పటికే పోయిన కోచ్ కింద ఆడి గెలిచిన కప్పిది. ఆయన్ను నమ్మని జట్టయితే ఆ రాత్రి ఫినిడి గోల్ దగ్గరే ఆట వదిలేసేది.